డాక్టరమ్మ తీసిన లెక్క

ఈమధ్య మా చిన్నాడపడుచు పుట్టింటికి, అంటే కృష్ణపట్నంలో మా ఇంటికి వచ్చింది. మూడో నెల. రక్తపరీక్షలకి నేనే వెంట తీసుకెళ్ళాను. నర్సమ్మ రాసిచ్చిన చీటీలో రక్తం శాతం, గ్రూపు, షుగరు, వాటి కింద హెచ్.ఐ.వి. అని కూడా ఉంది. ఇంటికొచ్చాక ఆ చీటీ కాస్తా మా అత్తగారి కంట పడింది. ఇంక చూడండి! మా పిల్ల ఏం తప్పు చేసిందని ఈ పరీక్ష, మనది అలాంటి కొంపా అని ఒకటే గొడవ. కడుపుతో ఉన్నవాళ్ళందరికీ చేస్తారనీ, ముందే తెలిస్తే బిడ్డకి సోకకుండా మందులున్నాయనీ చెప్పాను. ఆవిడ మనసు కుదుటపడలేదు. అప్పుడు బియ్యం ఏరుకుంటూ ఆవిడకో కథ చెప్పాను. అదే మీకూ చెబుతున్నాను.

మన నెల్లూరి వాళ్ళకి పెద్ద జబ్బంటే మద్రాసే కదా. ఈ కథ కూడా మద్రాసు డాక్టరమ్మదే. పేరు సునీతి సాలమన్.

1938లో మద్రాసులో స్థిరపడ్డ ఒక మరాఠీ కుటుంబంలో పుట్టింది. తండ్రి గైతోండే గారిది తోళ్ళ వ్యాపారం. ఏడుగురు మగపిల్లల ఇంట్లో ఒక్కగానొక్క ఆడపిల్ల. ఏడాదికోసారి టీకాలు వెయ్యడానికి ఇంటికొచ్చే హెల్త్ ఆఫీసరుని చూసి తనూ డాక్టరవుతానని పట్టుబట్టిందట. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతుండగా పరిచయమైన విక్టర్ సాలమన్‌ని పెళ్ళి చేసుకుంది. భాష వేరు, మతం వేరు. ఆయన గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు. ఇద్దరూ ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా తిరిగి, 1973లో ఊరికి వచ్చేశారు. ఆమె తన కాలేజీలోనే సూక్ష్మజీవుల శాస్త్రం చెప్పే పంతులమ్మగా చేరింది. అక్కడితో ఆగితే ఈ పేజీలో ఆమె గురించి రాయాల్సిన పని ఉండేది కాదు.

1981లో అమెరికాలో ఎయిడ్స్ బయటపడింది. 1985కల్లా రక్తంలో దాన్ని పట్టే పరీక్ష వచ్చింది. అప్పుడు మన దేశంలో పెద్దపెద్ద డాక్టర్లు సైతం ఇది తెల్లవాళ్ళ రోగం, కట్టుబాట్లున్న మన దేశానికి రాదని ధీమాగా ఉన్నారు. సునీతికి మాత్రం చూడకుండానే లేదని ఎలా చెబుతామని అనిపించింది. దగ్గర చదువుకుంటున్న సెల్లప్పన్ నిర్మలని పిలిచి, నీ పరిశోధనకి ఇదే అంశం తీసుకో అంది. నిర్మల అప్పటికే ఇద్దరు పిల్లల తల్లి. రెండు వందల నమూనాలు సేకరించాలి. వ్యభిచారం కింద పట్టుబడ్డ ఆడవాళ్ళని ఉంచే ప్రభుత్వ హోముకి వెళ్ళి రక్తం తీసేది. భర్త స్కూటరు మీద దింపేవాడు. చేతికి తొడుగులు లేవు. తీసిన నమూనాలు ఇంట్లో ఫ్రిజ్‌లోనే, పాలూ పెరుగూ పక్కన! దేనికోసం తీస్తున్నారో ఆ ఆడవాళ్ళకి చెప్పలేదట. ఈ ఒక్క ముక్కా నాకు మింగుడుపడదు. హోములో ఉన్నంత మాత్రాన అడగక్కర్లేదా?

1986 మొదట్లో ఆ నమూనాలు ఐస్‌పెట్టెలో పెట్టుకుని రాత్రి రైలెక్కి వేలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. మద్రాసులో అప్పటికి ఆ పరీక్ష చేసే వీల్లేదు. పరీక్ష పలకలో చిన్నచిన్న గుంటలుంటాయి. రోగం ఉంటే గుంటలో నీళ్ళు పసుపురంగుకి తిరుగుతాయి. మధ్యాహ్నం మూత తీసి చూస్తే ఆరు గుంటలు పచ్చగా ఉన్నాయి. నమ్మలేక మళ్ళీ చేశారు, మళ్ళీ పచ్చగానే. అమెరికా పంపించి చూపిస్తే అక్కడా అదే మాట. ఆ ఏడు తమిళనాడు ఆరోగ్యమంత్రి శాసనసభలో ఈ సంగతి ప్రకటిస్తే చాలామంది నమ్మలేదు, తిట్టినవాళ్ళూ ఉన్నారు.

ఆ ఆరుగురిలో ఒక పిల్లకి పదమూడేళ్ళు. ఎత్తుకొచ్చి అమ్మేసిన పిల్ల. ఇది చెప్పేసరికి మా అత్తగారు బియ్యం ఏరడం ఆపేశారు.

సునీతి తరవాత పనంతా ఆ పిల్ల దగ్గరే మొదలైందని నా ఊహ. లేబులో కూర్చుని గొట్టాలు చూసుకునే మనిషి రోగుల ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ రోగులతో నీకెందుకని భర్త మొదట్లో వద్దన్నాడట, ఆమే నచ్చజెప్పుకుంది. పరీక్ష చెయ్యడం ఒక్కటే కాదు, చేసేముందు మాట్లాడాలి, ఫలితం చెప్పేటప్పుడు పక్కన కూర్చోవాలని పద్ధతి పెట్టింది. 1993లో ఉద్యోగం వదిలేసి, తండ్రి పేరుమీద వై.ఆర్.జి. కేర్ అనే సంస్థ పెట్టింది. వేరేచోట ముట్టుకోనివాళ్ళు అక్కడికి వచ్చేవాళ్ళు. మన ఆంధ్ర నుంచీ రైలెక్కి వెళ్ళేవాళ్ళు. సొంత ఊళ్ళో చూపించుకుంటే ఊరంతా తెలిసిపోతుంది కదా.

వచ్చేవాళ్ళని చూస్తుంటే ఆమెకి ఒక తేడా కనిపించింది. మొదట వ్యభిచార వృత్తిలోని వాళ్ళు, తరవాత వాళ్ళ దగ్గరికి వెళ్ళిన మగవాళ్ళు, ఆ వెనకే తలవంచుకుని మెడలో తాళితో ఇల్లాళ్ళు. ఆమె సంస్థ నుంచి 2000లో ఒక పరిశోధన వచ్చింది. అక్కడ వైద్యానికొచ్చిన 134 మంది ఆడవాళ్ళ కాగితాలు తిరగేస్తే, వందకి 88 మంది భర్తని తప్ప వేరే మగవాణ్ణి ఎరగనివాళ్ళు. తప్పు చేసినవాళ్ళకే వస్తుందన్న మాట ఈ లెక్క ముందు నిలబడదు.

నా చిన్నప్పుడు, రొయ్యల చెరువులు జోరుగా ఉన్న రోజుల్లో, మా పుట్టింటి వీధిలో ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. రొయ్యలూ ఐసూ వేసుకుని మద్రాసు రోడ్డు మీదే వాడి బతుకు. రెండేళ్ళు చిక్కి చిక్కి పోయాడు. ఏం జబ్బో పెద్దవాళ్ళు గుసగుసగా చెప్పుకునేవారు. వాడు పోయాక అత్తింటివాళ్ళు ఆ అమ్మాయికి కంచం వేరు పెట్టారు, పడక వసారాలోకి మార్చారు. అంతకుముందు నాకు జడలు వేసిన మనిషి. మా అమ్మ వెళ్ళొద్దంది, నేను వెళ్ళలేదు. బడికి పోయేటప్పుడు తల తిప్పుకుని ఆ ఇల్లు దాటేదాన్ని. ఆ 134 మంది సంగతి చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆమే.

తరవాత మన రాష్ట్రమూ ఈ లెక్కల్లో పైకొచ్చింది. పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా అని రోడ్లమీద పెద్ద బోర్డులు పెట్టిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. దేశంలో ఈ రోగం ఎంత పాకిందో తెలుసుకోవడానికి 1998 నుంచి ఎక్కువగా చూసింది సర్కారు ఆసుపత్రులకొచ్చే గర్భిణుల రక్తమే. ఆంధ్రలో ఒక దశలో వందమంది గర్భిణుల్లో ఒకరికి మించి ఉందని తేలింది. అయితే 2004-05లో గుంటూరు జిల్లాలో పరిశోధకులు ఇంటింటికీ వెళ్ళి, ఆడా మగా కలిపి పన్నెండు వేలమందికి పైగా రక్తం చూస్తే, అసలు సంఖ్య సర్కారు పద్ధతిలో వచ్చే అంచనాలో సగం కూడా లేదు. ఆసుపత్రికొచ్చిన వాళ్ళనే చూసి ఊరందరి సంగతీ ఊహిస్తే అంతే మరి. దేశం మొత్తంమీదా ఇళ్ళకి వెళ్ళి పరీక్షలు చేశాక, 2007లో అంచనాని 50 లక్షల పైనుంచి 25 లక్షలకి దించారు. అది మాత్రం తక్కువా!

సునీతి దగ్గర అంకెలకన్నా మనుషులెక్కువ. రోగం ఉన్న కుర్రాళ్ళూ అమ్మాయిలూ మాకూ ఒక తోడు కావాలని అడిగితే, పెళ్ళిళ్ళ పేరమ్మలా సంబంధాలు కలిపేది. రోగం ఉన్నవాళ్ళకి రోగం ఉన్నవాళ్ళనే చూడాలి, ఇద్దరూ మందులు సరిగ్గా వాడుతుండాలి. మళ్ళీ ఉద్యోగం, చదువు, కులం పట్టింపులు మామూలే! ఒకప్పుడు ఆ మందులు కొనాలంటే ఆస్తులు అమ్ముకోవాల్సిందే. మన దేశంలోనే తక్కువ ధరకి తయారుచెయ్యడం మొదలై, 2004 ఏప్రిల్ నుంచి సర్కారే ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక ఆ జంటలకి పిల్లలు పుట్టారు, రోగం లేని పిల్లలు.

2006లో భర్త పోయాడు. ఆమె పని మానలేదు. 2015 జూలై 28న క్లోమగ్రంథి కాన్సరుతో కన్నుమూసింది. ఆమె పోయి పదేళ్ళు దాటింది. పద్మశ్రీ 2017లో, పోయాక ఇచ్చారు. ఒక్కడే కొడుకు, అమెరికాలో ఇదే రోగం మీద పరిశోధన చేస్తున్నాడు.

కథ అయ్యేసరికి బియ్యం ఏరడమూ అయింది. మా అత్తగారు కాసేపు ఏం మాట్లాడలేదు. బయట రేవుకి పోయే లారీల మోత. 2008లో పోర్టు మొదలైనప్పటినుంచీ అది మాకు అలవాటే. అల్లుడికి కూడా ఈ చీటీ రాశారా అని అడిగారు. రాయలేదన్నాను.

సాయంత్రం అల్లుడికి ఫోన్ చేసి, ఆదివారం వచ్చేటప్పుడు పరగడుపున రమ్మన్నారు. ఈ పరీక్షకి పరగడుపు అక్కర్లేదని నాకు తెలుసు. అయినా నేనేం మాట్లాడలేదు.