అమెరికాకు చమురు ఆపిన షా ఫైసల్

షా ఫైసల్ అనగానే మన పెద్దవాళ్లకు గుర్తొచ్చేది ఒకటే, అమెరికాకు పెట్రోలు ఆపేసిన బాద్షా. అది నిజమే గానీ సగమే. అమెరికాతో దోస్తీ తెంచుకోవాలని ఆయన ఏనాడూ అనుకోలేదు. కమ్యూనిజం అంటే ఆయనకు అస్సలు పడదు, సైన్యానికి ఆయుధాలు అక్కడి నుంచే రావాలి. ఆ దోస్తీకీ ఖుద్స్‌కూ మధ్యే ఆయన జీవితం గడిచింది.

1906లో రియాద్‌లో పుట్టారు. తండ్రి సౌదీ రాజ్యాన్ని నిలబెట్టిన అబ్దుల్ అజీజ్. తల్లి చిన్నప్పుడే పోయారు. తల్లి తరఫు తాత పెద్ద ఆలిం, ఆయన ఇంట్లోనే దీనీ తాలీం అయింది. పదమూడేళ్లకే, 1919లో, తండ్రి తరఫున లండన్ వెళ్లొచ్చారు. 1930లో విదేశాంగ మంత్రి అయ్యారు. 1947లో ఫలస్తీనాను ముక్కలు చెయ్యాలని ఐక్యరాజ్యసమితి ఓటు వేసినప్పుడు సౌదీ బృందానికి నాయకుడు ఆయనే. అమెరికా అటువైపు నిలబడటం కళ్లారా చూశారు.

ఇంట్లో పోరు వేరే. 1962లో ఆయన ప్రధానిగా ఉండగానే గులాంగిరీ రద్దయింది. బేగం ఇఫ్ఫత్‌తో కలిసి ఆడపిల్లల చదువు మొదలుపెట్టిస్తే బురైదాలో జనం అడ్డం తిరిగారు. బడి మాత్రం మూయలేదు. 1964లో బాద్షా అయ్యారు. మరుసటి ఏడాది టీవీ వచ్చింది. దాన్ని వ్యతిరేకించిన గొడవలో ఆయన తమ్ముడి కొడుకు ఖాలిద్ పోలీసు తూటాకు చనిపోయాడు. ఆ చావు తర్వాత చాలా దూరం పోయింది.

1969 ఆగస్టు 21న మస్జిదె అక్సాకు ఒక ఆస్ట్రేలియా మనిషి నిప్పు పెట్టాడు. సలాహుద్దీన్ అయ్యూబీ తెచ్చిన మింబర్ కాలిపోయింది. నెల తిరిగేసరికి రబాత్‌లో ముస్లిం దేశాలు ఒకచోట కూర్చున్నాయంటే అందులో ఫైసల్ పట్టుదల పెద్దది.

1973 రంజాన్‌లో యుద్ధం వచ్చింది. ఇజ్రాయెల్‌కు 220 కోట్ల డాలర్లు ఇవ్వాలని నిక్సన్ అక్టోబరు 19న కాంగ్రెస్‌ను అడిగారు. మర్నాడే ఫైసల్ అమెరికాకు చమురు ఆపేశారు.

అమెరికావాళ్ల బతుకే కారు. ఊరు, బజారు, పని, అన్నీ కారు మీదే. అలాంటిది పెట్రోలు బంకుల ముందు గంటల కొద్దీ లైన్లు. ఆదివారం బంకులు బంద్. హైవేల మీద గంటకు 55 మైళ్లు దాటకూడదని చట్టం. కరెంటు మిగులుతుందని గడియారాలు ముందుకు జరిపితే 1974 జనవరిలో పిల్లలు చీకట్లోనే బడికి నడిచారు. పడవలంత పొడుగు కార్లు వదిలి జనం జపాన్ చిన్న కార్లు కొన్నారు. పత్రికల కార్టూన్లలో అరబ్బు షేకు దొంగలా కనిపించడం మామూలైంది. అదే దేశపు టైమ్ పత్రిక 1974 సంవత్సరపు వ్యక్తిగా ఫైసల్‌నే ఎంచుకుంది!

పీపా ధర 3 డాలర్ల నుంచి 11 డాలర్లు దాటింది. అంత ధర కోసం పట్టుబట్టింది ఇరాన్ షా, ఫైసల్ కాదు. ఆ దెబ్బ ఇండియా లాంటి పేద దేశాల మీదా పడింది. అయితే ఆ డబ్బుతోనే గల్ఫ్‌లో రోడ్లు, ఓడరేవులు, ఆస్పత్రులు లేచాయి. కట్టడానికి చేతులు కావాల్సి వచ్చాయి. హైదరాబాద్ పాతబస్తీ నుంచి, కరీంనగర్, కడప పల్లెల నుంచి వేల ఇళ్లవాళ్లు బయల్దేరింది ఆ గిరాకీ వల్లే.

ఖుద్స్ మాత్రం రాలేదు. 1974 మార్చిలో నిషేధం ఎత్తేశారు, జూన్‌లో నిక్సన్‌కు జిద్దాలో స్వాగతం పలికారు. అక్సాలో నమాజు చదవాలన్న కోరిక అలాగే మిగిలిపోయింది.

1975 మార్చి 25న రియాద్‌లో కువైట్ చమురు మంత్రి వచ్చిన మజ్లిస్‌లో తమ్ముడి కొడుకు ఒకడు ముందుకొచ్చాడు. ముద్దు పెట్టుకుంటాడని ఫైసల్ తల వంచారు. వాడు తుపాకీ పేల్చాడు. టీవీ గొడవలో పోయిన ఖాలిద్‌కు తమ్ముడే, పేరు కూడా ఫైసలే, కొన్నేళ్లు అమెరికాలో చదివొచ్చినవాడు. దీని వెనుక అమెరికా చెయ్యి ఉందని ఇప్పటికీ చాలామంది అంటారు, రుజువు లేదు. జూన్ 18న వాడి తల తీశారు.

బాద్షాను రియాద్‌లోని అల్ ఊద్ ఖబరస్తాన్‌లో దఫన్ చేశారు. ఖబర్ మీద పేరు రాసిన రాయి లేదు.