కిణ్వనంలో జీవాన్ని దర్శించిన లూయీ పాశ్చర్

కంటికి ఆనని వాటిపై దృష్టి నిలిపి, కంటికి కనిపించే లోకాన్ని మార్చివేసిన మహనీయులలో లూయీ పాశ్చర్ అగ్రగణ్యుడు. ఆయన పేరు వినగానే పిచ్చికుక్క కాటుకు కనిపెట్టిన టీకా స్ఫురిస్తుంది. కాని ఆయనను సూక్ష్మజీవుల లోకానికి నడిపించినది ఒక ఆల్కహాలు కర్మాగారమన్న సంగతి మన విద్యార్థులలో కొందరికే తెలుసు.

పాశ్చర్ 1822 డిసెంబరు 27వ తేదీన ఫ్రాన్సు దేశంలోని దోల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి తోళ్ళు పదునుచేసి జీవించే సామాన్యుడు. అంతకు పూర్వం నెపోలియన్ సైన్యంలో పనిచేసినవాడు. పట్టుదలతో పారిస్‌లో ఉన్నత విద్య ముగించిన పాశ్చర్, 1848లో స్ఫటికాలపై చేసిన పరిశోధనతో రసాయన శాస్త్రజ్ఞుల మన్ననలందుకున్నాడు. 1854లో లిల్ నగరంలోని విజ్ఞానశాస్త్ర విభాగానికి డీన్‌గా నియమితుడయ్యాడు.

1856లో బీటుదుంపల రసం నుండి ఆల్కహాలు తయారుచేసే బిగో అనే వ్యాపారి ఆయనను ఆశ్రయించాడు. కొన్ని తొట్లలోని రసం ఆల్కహాలుగా మారక చెడిపోతున్నది. పాశ్చర్ ఆ రసాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. బాగున్న రసంలో గుండ్రని ఈస్టు కణాలు, చెడిన రసంలో సన్నని కడ్డీల వంటి సూక్ష్మజీవులు కనిపించాయి.

కిణ్వనం కేవలం నిర్జీవ పదార్థం కుళ్ళుట వలన జరిగే రసాయనిక చర్య అని జర్మనీ దేశపు లీబిగ్ పండితుడు అప్పట్లో వాదించేవాడు. అది జీవకణాల పని అని పాశ్చర్ నిరూపించాడు. చక్కెర నుండి ఆల్కహాలు, బొగ్గుపులుసు వాయువులతోపాటు గ్లిసరాలు, సక్సినిక్ ఆమ్లం కూడ పుడతాయని 1860లో ప్రకటించాడు. గాలి సోకినపుడు ఈస్టు బాగా పెరుగుతుందనీ, గాలి లేనపుడు తక్కువ పెరిగి, తన బరువుతో పోల్చితే ఎక్కువ చక్కెరను పులియబెడుతుందనీ 1861లో తెలిపాడు.

ఈస్టు బ్రతుకులో ఒక వైచిత్రి ఉన్నది. తాను తయారుచేసిన ఆల్కహాలే తనకు విషం. అది పెరిగేకొద్దీ కణాన్ని చుట్టియున్న పలుచని పొర బిగువు సడలుతుంది. లోపలి పదార్థాలు బయటికి జారుతాయి. ఆహారం లోనికి రావడం తగ్గుతుంది. అప్పుడు ఈస్టు తన జీవక్రియను మార్చుకొంటుంది. పెరుగుదలను తగ్గించి, ట్రెహలోజ్ అనే చక్కెరను కూడబెట్టి, దెబ్బతిన్న ప్రోటీన్లను సరిదిద్దే రక్షక ప్రోటీన్లను తయారుచేస్తుంది. ఎర్గోస్టెరాల్, అసంతృప్త కొవ్వు ఆమ్లాలతో పొరను పటిష్ఠం చేస్తుంది.

ఈ వివరాలు తరువాతి తరాలవారు కనుగొన్నవి. అయినను వాటికి పునాది పాశ్చర్ పరిశీలనలోనే ఉన్నది. గాలి లేక నీరసించిన ఈస్టుకు కొంచెం గాలి సోకితే నూతన శక్తి వస్తుందని 1876లో ప్రచురించిన బీరు గ్రంథంలో ఆయన వివరించాడు. ఎర్గోస్టెరాల్‌నూ ఆ కొవ్వు ఆమ్లాలనూ నిర్మించుకొనుటకు ఈస్టుకు ప్రాణవాయువు అవసరమని 1950 దశకంలో తేలినపుడు ఆ పరిశీలనలోని అంతరార్థం స్పష్టమైంది.

పాశ్చర్ జీవితం సుఖమయం కాదు. 1859, 1865, 1866 సంవత్సరాలలో ముగ్గురు కుమార్తెలను పోగొట్టుకున్నాడు. 1868లో పక్షవాతం వచ్చి ఎడమ భాగం చచ్చుబడింది. అయినను పరిశోధన మానలేదు. ఒక్కొక్క కిణ్వనానికి ఒక్కొక్క సూక్ష్మజీవి ఉన్నట్లే ఒక్కొక్క రోగానికి ఒక్కొక్క సూక్ష్మజీవి ఉండవచ్చునన్న ఆలోచన ఆయనను రోగాల వైపు మళ్ళించింది. 1885 జూలైలో పిచ్చికుక్క కరచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేండ్ల బాలుడు ఆయన టీకాతో బ్రతికాడు. 1888లో పారిస్‌లో పాశ్చర్ సంస్థ ప్రారంభమైంది. 1895 సెప్టెంబరు 28న ఆయన కన్నుమూశాడు.

రెండేండ్ల తరువాత, 1897లో, ఈస్టు కణాలను నూరి తీసిన రసం కూడ చక్కెరను పులియబెట్టగలదని బూక్నర్ చూపాడు. పాశ్చర్ సిద్ధాంతానికి అది సవరణయే గాని ఖండన కాదు. ఆ రసంలోని ఎంజైములను నిర్మించేది జీవకణమే. ఒక వ్యాపారి నష్టాన్ని చిన్న విషయమని త్రోసిపుచ్చక పరీక్షించిన ఆ దృష్టియే, కాలక్రమంలో ఒక బాలుని ప్రాణాన్ని నిలిపింది. మన విద్యార్థులు అలవరచుకోదగినది ఆ దృష్టినే.