పాఠము నేర్చుకొని పాఠము చెప్పిన పంతులుగారు

1880వ సంవత్సరమున పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఒకటవ ఫారమునకు క్రొత్త ఉపాధ్యాయుడొకడు వచ్చి చేరెను. జీతము నెలకు 30 రూపాయలు. వయస్సు 17 సంవత్సరములు. మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థుడై ఏడాది యైన కాలేదు. ఇంటివద్ద తండ్రి లేడు. బరువంతయు ఆ చిన్న భుజములమీదనే పడెను. తెలుగు దేశమంతయు తరువాత గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారని గౌరవించినది ఆ బాలగురువునే.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళమునకు ఉత్తరముగ, వంశధారా తీరమున, ముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి సంస్థానమున రెవిన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. వీర్రాజుగారు చోడవరమునకు బదిలీ యై 1875లో అచ్చట స్వర్గస్థులైరి. పండ్రెండేండ్ల పిల్లవాడు విజయనగరము చేరి బంధువుల ప్రాపున మహారాజావారి పాఠశాలలో చదివెను. గురజాడ అప్పారావుగారు అచ్చట ఆయన సహాధ్యాయులు. ఈ స్నేహము ముప్పదేండ్ల తరువాత గొప్ప ఫలమునిచ్చినది.

ఈ కాలమున ఉపాధ్యాయవృత్తికి పోవువారు శిక్షణ కళాశాలలో చేరుదురు. కొన్ని వారములపాటు నిజమైన తరగతిలో నిలిచి, వెనుక బల్లమీద అనుభవజ్ఞుడొకడు కూర్చుండి కనిపెట్టుచుండగా పాఠము చెప్పి అలవాటు చేసికొందురు. చెప్పినదానిలో తప్పొప్పులు సాయంకాలమున తెలియును. తిన్నగా పరీక్ష ముగించుకొని వచ్చి బల్లయెదుట నిలిచిన పంతులుగారికి అట్టి వసతి లేదు. తనకంటె నాలుగైదేండ్లు మాత్రమే చిన్నవారైన పిల్లల యెదుట నిలిచి, తెలిసినది చెప్పుచు తెలియనిది రాత్రి దీపముకడ నేర్చుకొనుటయే ఆయన శిక్షణ. పగలు గురువు, రాత్రి శిష్యుడు. ప్రైవేటుగా చదివియే 1886లో ఎఫ్.ఏ. పరీక్ష నిచ్చిరి. తరువాతి దశాబ్దమున చరిత్ర ముఖ్యవిషయముగ బి.ఏ. పూర్తిచేసిరి. రాజావారి పాఠశాల కళాశాల యైనపుడు పై తరగతులకును పాఠములు చెప్పు యోగ్యత ఆయనకు లభించెను. ఉద్యోగమును వదలక, సంసారమును వదలక, పదునైదేండ్లకు పైగా బడిపిల్లవానివలె పరీక్షలకు చదివిన గృహస్థుని ఓపిక ఎట్టిదో ఊహించుకొనవలసినదే.

చరిత్ర చెప్పవలసి వచ్చినపుడు ఆయన పుస్తకములతో తృప్తిపడలేదు. ముఖలింగ దేవాలయము గోడలమీద శాసనములున్నవి. చిన్ననాటినుండి చూచినవే, కాని ఆ ప్రాచీన లిపి చదువుట ఎరుగరు. నేర్పువారును దగ్గర లేరు. గ్రంథములు తెప్పించుకొని తమంతట తామే లిపి నేర్చి ఆ శాసనములను చదివిరి. గాంగరాజుల కళింగనగరము ఈ ముఖలింగమే యని ఆంగ్లమున వ్యాసములు వ్రాసిరి. ఊరి గుడిగోడ చదువుటకు ఇంత శ్రమపడిన చరిత్రోపాధ్యాయులు మన ప్రాంతములో ఎందరుందురు?

ఇవన్నియు ఒక యెత్తు, సవరభాష ఒక్కటియు ఒక యెత్తు.

పర్లాకిమిడి చుట్టును కొండలు. ఆ కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము కాదు. ఎక్కడనో ఛోటానాగపూరు ప్రాంతమున మాటలాడు ముండా భాషలకు బంధువు. ఆ భాష తెలియని అధికారియు, షావుకారును ఆ జనులను మోసగించుట ఎంత సులభమో చెప్పనక్కరలేదు. కాగితముమీద ఏమి వ్రాసియున్నదో తెలియక వ్రేలిముద్ర వేసినవాని గతి పల్లెటూరివారందరు ఎరిగినదే. వారికి చదువు చెప్పవలెనని పంతులుగారికి తోచినది. వారి మాట తెలియక చెప్పుట ఎట్లు?

పుస్తకము లేదు, నిఘంటువు లేదు, వ్యాకరణము లేదు. ఆ భాషకు లిపియే లేదు. సవరభాషయు తెలుగును రెండును వచ్చిన హరిజనుని ఒకనిని ఆయన తన యింట నుంచుకొని అతనివద్ద పాఠము మొదలుపెట్టిరి. ఊరిలోని పెద్ద కళాశాలయందు పాఠములు చెప్పు బ్రాహ్మణుడు, ఊరివెలుపల వాడయందలివానిని ఇంటికి పిలిచి గురువుగ నిలుపుకొనుటకు ఆనాడు ఎంత గుండెనిబ్బరము కావలెనో నేటి యువకులకు తెలియకపోవచ్చును. తరువాత సవరల గూడెములకే పోయి, వారితో మాటలాడి, మాటలు, కథలు, పాటలు వ్రాసికొనిరి. తెలుగు అక్షరములు ఆ ధ్వనులకు చాలలేదు. గొంతులో ఊపిరి నొక క్షణము బిగబట్టి వదలు ధ్వనికి మన అక్షరమాలలో గుర్తేదియు లేదు. కావున ధ్వనిశాస్త్రము చదువక తప్పలేదు. పాశ్చాత్యులు వ్రాసిన భాషాశాస్త్ర గ్రంథములు తెప్పించి దానినిగూడ గురువు లేకయే సాధించిరి.

నలుబదేండ్లు దాటిన కృషి యిది. అందులకు ఆయన చెల్లించిన మూల్యము చిన్నది కాదు. మన్యపు జ్వరము మాటిమాటికి పట్టుకొనెను. దానికి క్వినైను తినగా తినగా వినికిడి చెడి, జీవితాంతము చెవుడు నిలిచిపోయెను. చెవితో బ్రతుకవలసిన పండితుడు, చెవి పెట్టి విని నేర్చిన భాషకొరకే చెవిని పోగొట్టుకొనెను.

సవరభాషలో వాచకములు వ్రాసి, స్వంతసొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతములుగూడ తామే యిచ్చుకొనిరి. ప్రభుత్వము మెచ్చి పారితోషికము ఈయబోగా, తమకు వలదనియు, ఆ ధనముతో సవరపిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పు బడి పెట్టింపుడనియు కోరిరి. మదరాసు ప్రభుత్వమువారు ఆయన సవర వ్యాకరణమును 1931లోను, సవర-ఆంగ్ల నిఘంటువును 1938లోను అచ్చువేయించిరి. నిఘంటువు వెలువడునప్పటికి గ్రంథకర్తకు 75 ఏండ్లు.

పంతులుగారి పేరు చెప్పగానే చాలమందికి వ్యావహారిక భాషోద్యమమే జ్ఞప్తికి వచ్చును. సవరల సంగతి దానికి తోకవలె చివర చెప్పుదురు. వరుస తారుమారు చేయుటచేత ఆ ఉద్యమముయొక్క మూలము కనబడకుండ పోవుచున్నది. క్రొత్త భాష నేర్చువాని కష్టమేమో, నోటిమాటనుండి వ్రాతకు పోవు త్రోవ యేదియో, తెలియని మాటకు తెలియని మాటయే అర్థముగ చెప్పిన పిల్లవాని మనస్సున ఏమి మిగులునో, ఆయన కొండలలో శిష్యుడుగ కూర్చుండి తెలిసికొనిరి. ఆ కన్నుతోనే తిరిగివచ్చి తెలుగు తరగతిని చూచిరి.

1906లో జే.ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు ఉత్తరకోస్తా జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారియై వచ్చెను. ఆయనయు ఒకవిధముగ విద్యార్థియే. తెలుగు నేర్చుకొనుచు, బజారులో వినబడు తెలుగొకటి, బడిపుస్తకములోని తెలుగు వేరొకటి యగుట చూచి ఆశ్చర్యపడెను. జీవించియున్న తెలుగునే బడిలో ఏల నేర్పరాదని ఆయన ప్రశ్న. విశాఖపట్టణమున మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను అప్పారావుగారికిని, రామమూర్తిగారికిని చేర్చిరి. విజయనగరపు పాతమిత్రులు మరల నొక బల్లయొద్ద కలిసిరి. అప్పటికి పంతులుగారు 26 ఏండ్ల అనుభవముగల ఉపాధ్యాయులు. అంత అనుభవముగలవారు సాధారణముగ, ఇంతకాలము ఇట్లే చెప్పితిమి, ఇకమీదట మాత్రము మార్చనేల యందురు. ఆయన మాత్రము ఈ ప్రశ్నను పట్టుకొని తెలుగు వాఙ్మయమును మొదటినుండి మరల చదువ మొదలుపెట్టిరి.

ఆ తరగతుల స్థితి యెట్టిదో నేటి వృద్ధులు తమ తండ్రులవలన వినియుందురు. వాచకములోని పంక్తిని ఉపాధ్యాయుడు చదువును. దానికి ప్రతిపదార్థము చెప్పును. ఆ అర్థమును పిల్లవాడు వల్లించును. ఇంటికి పోయి తల్లితో ఆ సంగతి చెప్పవలసివచ్చినచో మాట రాదు. ఏండ్లతరబడి చదివినవాడు గూడ ఒక ఉత్తరము తప్పు లేక వ్రాయుటకు జంకును. సవరపిల్లవానికి తెలుగు ఎంత దూరమో, తెలుగుపిల్లవానికి వాచకపు తెలుగు రమారమి అంత దూరమైనదని పంతులుగారికి తోచియుండవలెను.

1911లో ముప్పదేండ్ల కొలువు చాలించి విశ్రాంతి తీసికొనవలసిన వయస్సున ఆయన పోరాటము మొదలైనది. ఆ యేడే మదరాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసెను. జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికపక్షమునకు నాయకులు. ఆయనయు మహావిద్వాంసులే, శాసన పరిశోధకులే. భాష చెడిపోవునన్న భయము వారిది, పిల్లవాడు చెడిపోవుచున్నాడన్న బాధ వీరిది. ఇరువురును తెలుగును ప్రేమించినవారే యని మరువరాదు. పాఠశాలలలో ఆధునికభాషకు మొదట కొంత తావిచ్చిన ప్రభుత్వము ప్రతిఘటన పెరుగగా వెనుకకు తగ్గెను. పంతులుగారు తగ్గలేదు. 1919లో తెలుగు అను మాసపత్రిక నడిపిరి. అది ఏడాదితో ఆగిపోయెను. ఆ సంవత్సరమే రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజము ఏర్పడగా కందుకూరి వీరేశలింగము పంతులుగారు, జీవితమున చాలవరకు గ్రాంథికమున వ్రాసినవారు, దానికి అధ్యక్షులగుట పెద్ద విశేషము.

ఆయన వాదములో బలము ఆవేశమునందు లేదు, సాక్ష్యమునందున్నది. శాసనములనుండి, పూర్వవ్యాఖ్యానములనుండి, స్థానిక చరిత్రలనుండి, కావ్యములనుండి ప్రయోగములు వేలుపెట్టి చూపెడివారు. పూర్వులు వచనము వ్రాసినపుడు తమ కాలపు మాటకు దూరము పోలేదని గద్యచింతామణిలో నిరూపించిరి. గ్రాంథికము వ్రాయుదుమను పండితులే తమ వ్యాకరణమును తాము ఎక్కడెక్కడ తప్పిరో బాలకవిశరణ్యములో పట్టి యిచ్చిరి. ఈ విషయమున ఆయన కొంత నిర్దయులనియే చెప్పవలెను. 1925లో తణుకు సభలో నాలుగు గంటలు నిలిచి మాటలాడిరి. వినువారి ఓపికను ఆయన లెక్కపెట్టలేదన్నను తప్పులేదు, కాని ఆ సభ ఆయన పక్షమునకే మొగ్గినది. అంతకు ముందటి యేడే కాకినాడలో సాహిత్య పరిషత్తు వ్యావహారికముపై నున్న నిషేధమును తొలగించియుండెను.

ఇట్టివాని చరిత్రమును ఆయన మానుమన్న భాషలోనే వ్రాయుట ఒక వింత. ఆయన చూచినచో ఎఱ్ఱసిరా తీసి దిద్ది పంపెడివారు కాబోలు. చిన్ననాట చేయి తిరిగిన వ్రాత పెద్దనాట మారదనుటకు ఇదియు ఒక సాక్ష్యము.

1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు పర్లాకిమిడి అందులో చేరెను. పదునేడవయేట ఉద్యోగమునకు వచ్చిన ఊరు, శిష్యులను పెంచిన ఊరు, 73వ యేట విడువవలసి వచ్చినది. తెలుగువారి ప్రాంతము అటు పోవుటను ఆయన సహింపలేక రాజమహేంద్రవరము చేరి అచ్చట నివసించిరి. కొండలు దూరమైనవి. అయినను సవర నిఘంటువు పని ఆపలేదు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను.

1940 జనవరి 15న ఆయన పత్రికాసంపాదకులను ఉద్దేశించి తుది విన్నపము చేసిరి. పండితులను ఒప్పించు పని చాలవరకు తీరినది. మిగిలినది పత్రిక చదువు సామాన్యుడు. ఊరి చావడిలో ఒకరు చదువగా పదిమంది వినునట్టి భాషలో వార్తలు వ్రాయుడని ఆయన కోరిక సారాంశము. వారము గడచి జనవరి 22న కన్నుమూసిరి. కుమారులు గిడుగు సీతాపతిగారు తండ్రివద్ద సవరభాష నేర్చినవారే. ఆ కృషిని 1969లో తాము గతించువరకు విడువలేదు.