దుర్గాబాయి దేశ్‌ముఖ్: చదువుకు దక్కిన గౌరవం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• దుర్గాబాయి జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• అంధుల విద్యకు ఆమె చేసిన సేవను వివరించగలుగుతారు.
• ఆమెకు లభించిన పురస్కారాల వెనుక ఉన్న కృషిని గుర్తించగలుగుతారు.

పరిచయం

ఢిల్లీలో అశోకా రోడ్డు మీద ఆంధ్ర భవన్ ఉంది. రాజధానికి వెళ్లిన తెలుగువారిలో చాలామందికి అది తెలిసిన చోటే. ఆ మహానగరంలో తెలుగు పిల్లల బడి కోసం, చూపులేని పిల్లల బడి కోసం పాటుపడిన ఒక తెలుగు మహిళ జీవితాన్ని ఇప్పుడు చదువుదాం. ఆమె కూడా మధ్యలో బడి మానేసినవారే.

బాల్యం

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. ఆ రోజుల ఆచారం ప్రకారం ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. పెద్దయిన తరువాత ఆమె ఆ వివాహ బంధాన్ని కొనసాగించలేదు. ఇంగ్లీషు మాధ్యమంలో చదవడం ఇష్టం లేక పన్నెండేళ్ల వయసులో బడి మానేశారు. అయితే ఊరికే కూర్చోలేదు. తాను హిందీ నేర్చుకుని, బాలికలకు హిందీ పాఠశాల నడిపారు.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అక్కడి ఖద్దరు ప్రదర్శన వాకిట దుర్గాబాయి స్వచ్ఛంద సేవకురాలు. టికెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె లోపలికి వెళ్లనివ్వలేదు. టికెట్టు తెప్పించిన తరువాతే దారి ఇచ్చారు. నియమం అందరికీ ఒకటే అన్నది ఆమె పద్ధతి.

జైలు నేర్పిన పాఠం

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని ఆమె జైలుకు వెళ్లారు. 1933లోగా మూడుసార్లు జైలు శిక్ష అనుభవించారు. అక్కడ ఆమె చదువులేని ఎందరో ఆడఖైదీలను చూశారు. తమ మీద మోపిన నేరమేమిటో, తమను తాము ఎలా కాపాడుకోవాలో వారికి తెలియదు. అలాంటివారికి అండగా నిలవాలంటే న్యాయశాస్త్రం చదవాలని ఆమె నిశ్చయించుకున్నారు.

కాని అప్పటికి ఆమెకు మెట్రిక్యులేషన్ కూడా లేదు. ఒకప్పుడు వద్దనుకున్న ఇంగ్లీషునే ఇరవై ఏళ్లు దాటాక మొదటి నుంచి నేర్చుకున్నారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదివి ఉత్తీర్ణులయ్యారు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పట్టా పొందారు. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా అందుకున్నారు.

తాను పడ్డ కష్టం ఇతరులు పడకూడదని 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. మెట్రిక్ పరీక్షకు స్త్రీలను తయారు చేయడం ఆ సభ తొలి పనుల్లో ఒకటి.

ఢిల్లీలో సేవ

దుర్గాబాయి 1946లో రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. ఢిల్లీలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లల కోసం 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పడటంలో ముఖ్యపాత్ర వహించారు. 1952లో ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953లో ఆర్థికమంత్రి చింతామన్ దేశ్‌ముఖ్‌ను వివాహం చేసుకున్నారు. అదే ఏడాది ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. చదువు ఆగిపోయిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధమయ్యే సంక్షిప్త కోర్సులను ఆ బోర్డు 1958లో ప్రారంభించింది.

ఢిల్లీలో 1944లో ఏర్పడిన అంధుల సహాయ సంఘానికి కూడా ఆమె అధ్యక్షురాలిగా పనిచేశారు. చూపులేనివారికి జాలిపడి దానం చేస్తే ఆ పూట గడుస్తుంది. చదువు, పని నేర్పితే బతుకంతా గడుస్తుంది. ఆమె చేపట్టిన పనిలో ఈ ఆలోచన కనిపిస్తుంది. అంధ విద్యార్థులకు వసతి గృహంతో కూడిన పాఠశాలను, తేలికపాటి ఇంజనీరింగ్ పనిశాలను ఏర్పాటు చేశారు. అంధులు బ్రెయిలీ లిపిలో చదువుతారు. ఆరు చుక్కల అమరికతో అక్షరాలు ఏర్పడతాయి. కాగితం మీద ఉబ్బెత్తుగా ఉన్న ఆ చుక్కలను వేలి కొసలతో తడిమి చదువుతారు.

దీపావళికి ముందు ఆ సంఘం ఆవరణలో మేళా జరుగుతుంది. అక్కడ శిక్షణ పొందినవారు చేసిన కొవ్వొత్తులను జనం కొని ఇళ్లలో వెలిగించుకుంటారు. చూపులేనివారు చేసిన దీపాలు ఇతరుల ఇళ్లకు వెలుగునిస్తాయి. వారి పనితనానికి ఇదే నిజమైన గుర్తింపు.

పురస్కారాలు

అక్షరాస్యతా రంగంలో సేవకు 1971లో నెహ్రూ అక్షరాస్యతా పురస్కారం, ఆ తరువాత 1975లో పద్మవిభూషణ్ ఆమెకు లభించాయి. యునెస్కో కూడా ఆమెను సత్కరించింది. పురస్కార పత్రం మీద ఉన్నది ఒకరి పేరే. కాని రాత్రిపూట పాఠం చెప్పిన ఉపాధ్యాయినులు, ఇంటిపని ముగించుకుని పలక పట్టిన స్త్రీలు, చుక్కలు తడిమి అక్షరాలు నేర్చిన పిల్లలు, అందరికీ అందులో పాలు ఉంది.

1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు. ఢిల్లీ మెట్రోలో ఒక స్టేషనుకు ఆమె పేరు పెట్టారు.

పదాలు – అర్థాలు
ఉత్తీర్ణత = పరీక్షలో నెగ్గడం
సంక్షిప్త = క్లుప్తమైన
పనిశాల = చేతిపని నేర్పే, చేయించే చోటు

మీరే సరిచూసుకోండి
1. దుర్గాబాయి బడి ఎందుకు మానేశారు?
2. న్యాయశాస్త్రం చదవాలని ఆమెకు ఎందుకు అనిపించింది?
3. దానానికీ, పని నేర్పడానికీ తేడా ఏమిటి? ఐదు వాక్యాల్లో రాయండి.
4. మీ ఊరిలో బడికి వెళ్లలేకపోతున్న పిల్లలు ఉన్నారా? వారి కోసం మీరు చేయగల ఒక పనిని రాయండి.