మెకానో నిర్మాత ఫ్రాంక్ హార్న్‌బీ

రాజమహేంద్రవరమున గోదావరిపై నున్న హేవ్‌లాక్ వంతెనను మన పాఠకులలో చూడనివారు అరుదు. 1897వ సంవత్సరమున పని మొదలిడి 1900వ సంవత్సరమున దానిపై రైళ్లు నడిపిరి. 56 ఖానాలుగల యా వంతెన 1997 వఱకు రైళ్లను మోసినది. దగ్గఱగా చూచినచో దాని పైకట్టడమంతయు ఇనుప పట్టీలును, రేకులును, వానిని కలుపు రివెట్లును మాత్రమే యని తెలియును. ఆ దినములలోనే ఇంగ్లాండు దేశపు లివర్‌పూలు నగరమున మాంసపు వర్తకునొద్ద గుమాస్తాగానున్న యొకడు తన బిడ్డల యాటకొఱకు ఇట్టి సంగతినే యాలోచించుచుండెను. ఆతడు ఫ్రాంక్ హార్న్‌బీ.

ఆతడు 1863వ సంవత్సరము మే నెల 15వ తేదీని జన్మించెను. తండ్రి యాహారపదార్థముల వర్తకుడు. ఫ్రాంకు 16వ యేట బడి మాని తండ్రి దుకాణమున లెక్కలు వ్రాయుటకు కుదిరెను. యంత్రశాస్త్రమును ఏ గురువునొద్దను అభ్యసింపలేదు. 1887లో క్లారా గోడెఫ్రాయ్ అను ఉపాధ్యాయినిని వివాహమాడెను. తండ్రి గతించి వ్యాపారము మూతపడిన పిదప డేవిడ్ ఎలియట్ అను మాంసపు దిగుమతిదారునొద్ద కొలువు చేసెను.

రేకులు కత్తిరించి కుమారులకు బొమ్మలు చేసియిచ్చుట ఆతనికి వాడుక. అందొక చిక్కు కనబడెను. క్రేనుకొఱకు చేసిన ముక్క క్రేనునకే పనికివచ్చును; పిల్లవాని మనసు వంతెనపైకి మరలినంతనే సర్వమును మరల మొదటినుండి చేయవలెను. ఒకనాడు రైలుప్రయాణమున కిటికీనుండి క్రేనును చూచుచుండగా ఉపాయము తోచెనని ఆతడే తరువాత బాలురకు చెప్పియున్నాడు. వర్తకులు తమ సరకు పుట్టుకనుగూర్చి చెప్పు కథలను కొంత తగ్గించి వినుట మేలు. ఉపాయము మాత్రము నిక్కము. పట్టీలన్నియు అర అంగుళము వెడల్పున నుండవలెను. వానియందు అర అంగుళమున కొకటి చొప్పున ఒకే కొలత గల రంధ్రములుండవలెను. అదే రంధ్రమున బోల్టు బిగియవలెను, ఇరుసు తిరుగవలెను. అట్లయినచో క్రేనును విప్పి వంతెనను, వంతెనను విప్పి గాలిమరను కట్టవచ్చును.

1901 జనవరిలో పేటెంటునకు దరఖాస్తు పెట్టుటకు చేత సొమ్ములేక యజమానినే 5 పౌనులు అప్పడిగెను. ఎలియట్ అప్పిచ్చుటయేగాక తన కార్యాలయము ప్రక్కనే చోటిచ్చి భాగస్వామి యయ్యెను. 1902లో వచ్చిన మొదటి పెట్టె వెల 7 షిల్లింగుల 6 పెన్నీలు. కొన్నియేండ్లు లాభము కనబడలేదు. లివర్‌పూలు విశ్వవిద్యాలయపు యంత్రశాస్త్రాచార్యుడు హీలీ షా మెచ్చి యిచ్చిన యోగ్యతాపత్రము ఆ కష్టకాలమున మిక్కిలి తోడ్పడెను. 1907లో ఆ యాటవస్తువునకు మెకానో యని పేరు పెట్టెను. 1908లో కంపెనీ యేర్పడెను. 1914లో బిన్స్ రోడ్డున పెద్ద కర్మాగారము వెలసెను.

ఇంతవఱకు ఒక వర్తకుని కథ. నాకు ముఖ్యముగా తోచునది దీని తరువాతిది. 1916లో ఆతడు మెకానో మాగజైన్ అను పత్రికను, 1919లో మెకానో గిల్డు అను బాలసంఘమును స్థాపించెను. క్రొత్త నమూనాలకు బహుమతులు పెట్టెను. కొనినవారు తమ యిండ్లయందు కనిపెట్టిన యుపాయములను వ్రాసిపంపగా పత్రికలో అచ్చువేయుచుండిరి. బాలుర పత్రికయే గాని, సాయంకాలము పని ముగించివచ్చి పిల్లల పెట్టెను తాము తెఱచువారైన పెద్దలును తక్కువగా లేరు. ఆటవస్తువును అమ్మినవాడు కొనినవాని బుద్ధికి ఎంత చోటీయవలెను? ఈ ప్రశ్నకు హార్న్‌బీ చేతలతో ఉదారమైన జవాబే చెప్పెను.

ఆ చోటున మొలచినదానిని చూడుడు. మాంచెస్టరునందలి గణితాచార్యుడు డగ్లస్ హార్ట్రీ 1933లో అమెరికాలో వానెవర్ బుష్ నిర్మించిన గొప్ప గణనయంత్రమును చూచెను. తిరిగివచ్చి, ఆర్థర్ పోర్టర్ అను విద్యార్థితో కలిసి, 1934లో అట్టిదానినే ప్రధానముగా మెకానో ముక్కలతో కట్టెను. అయిన ఖర్చు సుమారు 20 పౌనులు. తిరుగుచున్న బిళ్లపై చిన్న చక్రమొకటి ఆనియుండును. అది బిళ్ల నడిమికి ఎంత దూరమున నున్నదో దానినిబట్టి దాని వేగము మాఱును. ఆ తిరుగుడే లెక్క. ఇరుసులను, పండ్ల చక్రములను వేఱు విధముగా కలిపినచో యంత్రము వేఱొక సమీకరణమును సాధించును. పరమాణువుల లెక్కలను సైతము దానిచే చేయించిరి. చెప్పినట్లు పనిచేయు బొమ్మకు ఇది తాతవంటిదన దగును.

మనుమనిమాటయు ఇచ్చటనే చెప్పెదను. డెన్మార్కునందలి లెగో కంపెనీ 1998లో మైండ్‌స్టార్మ్స్ అను రోబో బొమ్మలను వెలువరించెను. కొందఱు పెద్దలు దాని లోపలి యాజ్ఞలను విప్పి మార్చిరి. కంపెనీవారు మొదట తటపటాయించి, పిదప సమ్మతించిరి. 2006లో వచ్చిన రెండవ రోబోకొఱకైతే అట్టి యభిమానులలో నలుగురిని ముందుగానే రహస్యముగా సలహాకు పిలిచిరి. వారు డెన్మార్కునకు తమ ఖర్చుతోనే పోయి, ప్రతిఫలముగా లెగో పెట్టెలనే పుచ్చుకొనిరి.

హార్న్‌బీ 1920లో బొమ్మ రైళ్లను, 1934లో డింకీ బొమ్మలను వెలువరించెను. 1931 నుండి 1935 వఱకు ఎవర్టన్ నియోజకవర్గ ప్రతినిధిగా పార్లమెంటున కూర్చుండెను. 1936వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీని, 73వ యేట, మరణించెను. కంపెనీ 1964లో అన్యుల చేతికి పోయినది. బిన్స్ రోడ్డు కర్మాగారము 1979లో మూతపడినది. హార్ట్రీ మార్గమున 1935లో కేంబ్రిడ్జివారు కట్టిన మెకానో గణనయంత్రము మాత్రము సముద్రము దాటి, న్యూజీలాండు దేశమున ఆక్లండు నగరపు వస్తుప్రదర్శనశాలకు చేరినది.