బడిపంతులు నుంచి బంగారు పతకం దాకా – రహీం సాబ్ జీవితం

మన ఆళ్లగడ్డ, అహోబిలం వైపు పల్లెల్లో ఆట అంటే కబడ్డీ, వాలీబాల్, క్రికెట్టే. ఫుట్‌బాల్ ఆడేవాళ్లు తక్కువ. అయితే ఒకప్పుడు మన దేశానికి ఫుట్‌బాల్ నేర్పి, ఆసియాలో మొదటి స్థానంలో నిలబెట్టిన గురువు హైదరాబాదు నగరంలో ఒక మామూలు బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ ఆయన్ని రహీం సాబ్ అని పిలిచేవారు. మనలాంటి పిల్లలు ఆయన గురించి తప్పక తెలుసుకోవాలి.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే ఫుట్‌బాల్ ఆడారు. డిగ్రీ అయ్యాక ఉపాధ్యాయ వృత్తిలో చేరారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల పాఠశాలల్లో పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత చేపట్టారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడి బతకడం అంటే ఏదో ఒక డిపార్ట్‌మెంటులో చిన్న ఉద్యోగం సంపాదించడమే. పోలీసు జట్టు ఆటగాళ్లూ అలాంటివాళ్లే. ఆటే వాళ్లకు అన్నం పెట్టింది. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పును కూడా పలుమార్లు తెచ్చింది. కలకత్తా పెద్ద క్లబ్బులు సైతం హైదరాబాద్ పోలీస్ అంటే జంకేవి.

ఆయన శిక్షణ పద్ధతి విచిత్రంగా ఉండేది. బంతిని ఎక్కువసేపు కాళ్ల దగ్గర పెట్టుకోకుండా వెంటనే అందించాలనే నియమంతో పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే ఆడాలని మరో పోటీ. పొట్టివాళ్ల కోసం, ఎత్తు కొలిచి మరీ, వేరే పోటీ. ఇందులో గొప్ప ఆలోచన ఉంది. బంతి త్వరగా అందిస్తే ఒక్కడి ఆట పోయి జట్టు ఆట వస్తుంది. రెండు కాళ్లూ పనిచేస్తే ప్రత్యర్థికి దారి దొరకదు. పొట్టివాడని పక్కన కూర్చోబెట్టిన పిల్లవాడికి కూడా తన ఆట చూపించే అవకాశం వస్తుంది. హాస్టల్‌లో జట్లు పంచుకునేటప్పుడు చివరిదాకా ఎవరూ పిలవని వాడి బాధ మనకు తెలియనిది కాదు కదా!

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రాడు ఉండేవాడు. బూట్లు కొనే స్తోమత లేదు. చెప్పులు కుట్టే ఆయన్ని బతిమాలి పాత బూట్ల తోలుతో ఆట బూట్లు చేయించుకున్నాడు. రహీం సాబ్ కంట్లో అతని ఆట పడింది. హైదరాబాదుకు వచ్చి ప్రాక్టీసు చేయమంటే రానూపోనూ డబ్బులు లేవు. సైకిలు అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఆ కుర్రాడే 1956, 1960 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడి, 1962లో అర్జున అవార్డు పొందాడు.

జాతీయ జట్టుకు శిక్షకుడిగా రహీం సాబ్ తొలి విజయం 1951లో. ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్‌లో ఇరాన్‌పై 1-0తో గెలిచి మనవాళ్లు స్వర్ణం సాధించారు. మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. చలిదేశంలో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఇక్కడి మ్యాచ్‌లు తక్కువసేపు ఉండేవి, అక్కడ తొంభై నిమిషాలు ఆడాలి. రహీం సాబ్ ఆ ఓటమికి సాకులు వెతకలేదు. అక్కడ హంగేరీవాళ్ల ఆటను శ్రద్ధగా గమనించి వచ్చి తన జట్టు పద్ధతిని మార్చుకున్నారు. ఆ ఓటమి తర్వాత మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

నాలుగేళ్లు తిరిగేసరికి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, ఆస్ట్రేలియాను దాని గడ్డ మీదే 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఆసియా దేశాల్లో అంతదూరం వెళ్లిన మొదటి జట్టు మనదే. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, బలరాం మొదలైన హైదరాబాదీలు ఉన్నారు. చివరికి నాలుగో స్థానం దక్కింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1తో సమానంగా నిలిచారు. ఆ జట్టులో రహీం సాబ్ కుమారుడు హకీం కూడా ఉన్నాడు. కానీ ఒక్క మ్యాచ్‌లోనూ మైదానంలోకి దిగలేదు. కొడుకైనా ఆయనకు ఆటగాళ్లలో ఒకడే.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయ్‌లాండ్‌తో ఆడుతుండగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. పైగా ఇజ్రాయెల్, తైవాన్‌లను పిలవకపోవడంపై మన అధికారి ఒకరు అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మనవాళ్లపై ఆగ్రహంగా ఉన్నారు. రహీం సాబ్ ఎవరూ ఊహించని పని చేశారు. కట్టు కట్టుకున్న జర్నైల్‌ను వెనక నుంచి తీసి ముందువరుసలో ఆడించారు. సెమీఫైనల్‌లో జర్నైల్ గోల్ చేశాడు. ఫైనల్‌కు ముందురోజు రాత్రి ఆటగాళ్లను కూర్చోబెట్టి, రేపు తనకు కానుకగా బంగారు పతకం కావాలని అడిగారట. సెప్టెంబర్ 4న స్టేడియం నిండా జనం కేకలు వేస్తుండగా పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ చేశారు. తమను ఓడించిన కొరియానే 2-1తో ఓడించి, అడిగిన కానుక తెచ్చి ఇచ్చారు.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం సాబ్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. గురువులకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గానీ మొదలు కాలేదు. 1962 తర్వాత 2023 హాంగ్‌ఝౌ క్రీడల వరకు ఆసియా క్రీడల్లో మనకు మళ్లీ ఫుట్‌బాల్ స్వర్ణం రాలేదు. చాలాకాలం ఆయన పేరు కూడా మరుగున పడింది. 2024లో హిందీలో ఆయన జీవితంపై మైదాన్ అనే సినిమా వచ్చాక కొత్త తరానికి మళ్లీ తెలిసింది.

మిత్రులారా! రహీం సాబ్ దగ్గర పెద్ద స్టేడియాలు లేవు, విదేశీ సామగ్రి లేదు. పది గోల్స్‌తో ఓడిన రోజు కూడా నేర్చుకునే మనసు ఉంది. బూట్లు లేని కుర్రాడిలో ఒలింపిక్ ఆటగాడిని చూసే కన్ను ఉంది. రేపు మనలో ఎవరైనా ఉపాధ్యాయుడైతే, అద్దె సైకిలుకు డబ్బుల్లేక ఆగిపోయిన ఒక్క పిల్లవాడిని మైదానానికి రప్పించగలిగితే చాలు. ఆయనకు మనం చేసే నివాళి అదే.