వీరేశలింగము పంతులుగారు

రాజమహేంద్రవరము గోదావరీతీరమున వెలసిన ప్రాచీన పట్టణము. ఆదికవి నన్నయభట్టు మహాభారతమును తెనిగింప పూనుకొనిన పుణ్యస్థలమది. అటుపిమ్మట ఇంచుమించు ఎనిమిది వందల యేండ్లకు ఆ పట్టణముననే ఒక బడిపంతులు జన్మించి, తెలుగు వచనమునకు క్రొత్త వెలుగు నిచ్చెను. తలుపుల చాటున కన్నీరు కార్చుచున్న పసి వితంతువులకు బాసటగా నిలిచెను. ఆయనయే కందుకూరి వీరేశలింగము పంతులు.

కందుకూరివారి పూర్వులు కందుకూరు గ్రామమునుండి వచ్చినవారగుటచే వారి కా యింటిపేరు కలిగెను. 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన సుబ్బరాయుడు, పూర్ణమ్మ దంపతులకు కుమారుడు కలుగగా, వారు వానికి తాతగారి పేరు పెట్టుకొనిరి. ఆరవ నెలలోనే శిశువునకు మశూచికము సోకెను. ఎట్లో ప్రాణము దక్కినది కాని, దేహబలము మాత్రము చాలకపోయెను. ఉబ్బసపు దగ్గు ఆయనను జీవితాంతము వేధించెను. నాలుగవ యేట తండ్రి మరణించెను. అప్పుడు పెదతండ్రి వేంకటరత్నముగారు తమ్ముని భార్యను, బిడ్డను ఆదరించి, ఆ బాలుని కన్నకొడుకువలె పెంచెను.

ఆనాటి బాలురందరివలెనే వీరేశలింగమును వీధిబడిలో చేరెను. ఇసుకలో అక్షరములు దిద్దెను. శతకములు, బాలరామాయణము, అమరము వల్లె వేసెను. పండ్రెండవ యేట ఆంగ్లవిద్యకై దొరతనమువారి పాఠశాలలో ప్రవేశించి, తరగతిలో మేటియని పేరు పొందెను. 1861లో, పదుమూడేండ్ల ప్రాయమున, వివాహమాయెను. పెండ్లికూతురు బాపమ్మ పదేండ్లయిన నిండని బాలిక. అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి యని పేరు పెట్టిరి. బాల్యవివాహములు మేలుకావని పిమ్మట గొంతెత్తి చాటిన మహనీయునకు తన వివాహమే బాల్యవివాహమగుట గమనింపదగిన విషయము. ఆచారమెట్టిదో ఆయన పుస్తకములవలన కాక, తన యింటనే ఎరిగియుండెను.

1870 ప్రాంతమున చదువు ముగిసెను. ఇప్పుడు ఏ వృత్తిని చేపట్టవలెను? కచ్చేరీ ఉద్యోగమునందు లంచము లేనిదే పనులు సాగవని ఆయన కనిపెట్టెను. వకీలు పనియందు కల్లను నిజమని వాదింపవలసివచ్చునని తోచెను. ఆ రెండింటను ధనము కలదు, గౌరవము కలదు. ఉపాధ్యాయ వృత్తిలో జీతము స్వల్పము. అయినను సత్యమును విడువక బ్రతుకుటకు అదియే తగినదని ఎంచి, ఆయన కోరంగి గ్రామమున బడిపంతులుగా చేరెను. ఆ మీదట ధవళేశ్వరము ఆంగ్లపాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యెను.

ధవళేశ్వరమున నుండగనే, 1874లో, పంతులుగారు రెండు గొప్ప కార్యములకు పూనుకొనిరి. ఒకటి బాలికలకు పాఠశాల నెలకొల్పుట. రెండవది వివేకవర్ధని యను పత్రికను స్థాపించుట. ఆడుపిల్లలకు చదువు చెప్పించినచో కీడు మూడునని ఆనాడు పెక్కుమంది నమ్మెడివారు. అట్టి నమ్మకములను పత్రికలో ఖండించుచు, లంచగొండులగు ఉద్యోగులను బయటపెట్టుచు, నవ్వించుచునే బుద్ధి చెప్పెడి ప్రహసనములను ఆయన ప్రకటించెడివారు. చేతిలో ధనము లేకున్నను స్వంత ముద్రాలయమును సమకూర్చుకొనిరి. పత్రికాపనులకై ధవళేశ్వరపు ఉద్యోగమును వదలి రాజమహేంద్రవరము చేరి, 1877 మొదలుకొని అచటి ప్రభుత్వ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేసిరి.

ఆ దినములలో హిందూబాలికలకు పసితనముననే వివాహములు జరుగుచుండెను. మగబిడ్డలు రోగములచే చనిపోయినప్పుడు, వివాహమననేమో ఎరుగని బాలికలు వితంతువులగుచుండిరి. వారికి తల వెండ్రుకలు తీయించుట, మంచి బట్టను, కడుపునిండ తిండిని దూరము చేయుట, శుభకార్యములకు రానీయకుండుట ఆచారముగ నుండెను. వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుల కృషివలన 1856లోనే వితంతు వివాహము చట్టబద్ధమయ్యెను. అయినను తెలుగునాట ఆ చట్టము కాగితముననే నిలిచిపోయెను. శాస్త్రమును, చట్టమును అనుమతించినను, ముందడుగు వేయుటకు ఎవరికిని ధైర్యము చాలదాయెను.

పంతులుగారు ముందుగా శాస్త్రములను శోధించి ఉపన్యాసములిచ్చిరి, పండితులతో వాదించిరి. 1878లో సంఘసంస్కరణ సమాజమును స్థాపించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. తుదకు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీ రాత్రి, రాజమహేంద్రవరమున పంతులుగారి యింట, గోగులపాటి శ్రీరాములునకు గౌరమ్మకు వివాహము జరిగెను. ఆంధ్రదేశమున జరిగిన మొదటి వితంతు వివాహమదియే. ఊరంతయు అట్టుడికినట్లుడికెను. అల్లరి జరుగకుండ పోలీసువారు కాచియుండిరి. పంతులుగారి శిష్యులగు విద్యార్థులు గురువునకు అండగా నిలిచిరి. నాలుగు దినముల కెడములోనే రెండవ వివాహమును జరిగెను.

అసలు పరీక్ష ఆ పిమ్మట వచ్చెను. వివాహమునకు తోడ్పడినవారిని మఠాధిపతులు వెలివేసిరి. మిత్రులని నమ్మినవారిలో కొందరు ప్రాయశ్చిత్తము చేసికొని తొలగిపోయిరి. పురోహితుడు గడప తొక్కడు, వంటవాడు రాడు, నీళ్లు మోయువాడు లేడు. భర్తను విడిచి రమ్మని బంధువులు రాజ్యలక్ష్మమ్మగారిని నిర్బంధించిరి. ఆమె కదలలేదు. తానే బిందె చంకనెత్తుకొని గోదావరికి పోయి నీళ్లు తెచ్చెను. వచ్చినవారికందరకు తానే వండి వడ్డించెను. ఆశ్రయము కోరివచ్చిన బాలవితంతువులను కన్నబిడ్డలవలె చేరదీసి, వారికి చదువు, పనిపాటలు నేర్పెను. ఆ దంపతులకు సంతానము లేదు. అయినను ఆ యిల్లు ఏనాడును పిల్లలు లేని యిల్లుగా నుండలేదు. వేదికలపై మాట్లాడిన కీర్తి పంతులుగారిదైనచో, ఆ మాటను నిలువబెట్టిన భారము రాజ్యలక్ష్మమ్మగారిది.

ఇన్ని కష్టముల నడుమను ఆయన కలము ఆగలేదు. తెలుగున తొలి నవలలలో నొకటిగా పేరొందిన రాజశేఖర చరిత్రము ఆయన రచనయే. అది ఆంగ్లభాషలోనికి కూడ అనువదింపబడెను. కవుల చరిత్రమును, ప్రహసనములను, నాటకములను, స్వీయచరిత్రను, శాస్త్రవిషయములను బాలురకు తెలియజెప్పు పుస్తకములను కలిపి నూటికి మించిన గ్రంథములు వ్రాసిరి. 1893లో ప్రభుత్వమువారు రావుబహదూరు బిరుదమునిచ్చి గౌరవించిరి. కొంతకాలము చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా నుండి, ఉద్యోగమును చాలించి తిరిగి రాజమహేంద్రవరము చేరిరి. హితకారిణీ సమాజమును స్థాపించి, తాము కూడబెట్టిన ఆస్తినంతయు దానికి ధారపోసిరి.

1910లో రాజ్యలక్ష్మమ్మగారు స్వర్గస్థులైరి. అరువది రెండేండ్ల వయస్సున పంతులుగారు ఒంటరివారైరి. అయినను ఆయన బుద్ధి ముడుచుకొనలేదు. ఎక్కువగా గ్రాంథికభాషలో వ్రాసి ప్రఖ్యాతి గాంచిన ఆయన, ప్రజలు మాటలాడు భాషకు గ్రంథములలో స్థానముండవలెనని గిడుగు రామమూర్తి పంతులుగారు సలిపిన ఉద్యమమును తుదకు ఆమోదించి, 1919లో ఆ యుద్యమమునకై ఏర్పడిన సమాజమునకు అధ్యక్షులైరి. తాను నడచిన త్రోవను డెబ్బదియేండ్ల ప్రాయమున తిరిగి పరిశీలించుకొని, మేలని తోచిన దానిని అంగీకరించుట అందరికి సాధ్యముకాదు. ఆ సంవత్సరమే మే 27వ తేదీన చెన్నపట్టణమున ఆయన కన్నుమూసిరి.

వీరేశలింగము పంతులుగారు ధనవంతులు కారు; బలశాలియు కారు. పుట్టినది మొదలు రోగము ఆయనను వెన్నాడెను. అయినను బాలికలు చదువవలెనని చెప్పి ఊరకుండక పాఠశాల పెట్టిరి. వితంతువులకు వివాహము జరుగవలెనని వ్రాసి ఊరకుండక తమ యింటనే పందిరి వేసిరి. తరగతిలో చెప్పిన పాఠమునకును ఇంట నడచిన నడతకును భేదము లేకుండుటయే ఆయన గొప్పతనము. నేడు తెలుగునాట ఆడుపిల్లలు పుస్తకములు చేతబట్టి బడికి పోవునప్పుడు, ఆ త్రోవను ముండ్లు తొలగించి చదును చేసినవారిలో ధవళేశ్వరపు బడిపంతులొకరని, బిందె మోసిన ఆ యిల్లాలు మరియొకరని మనము మరువరాదు.